కోడిపుంజు నోరు కట్టవచ్చునా?



గడియారములు లేని కాలమున మన పల్లెలకు కోడిపుంజే వేళ తెలుపునది. తొలికోడి కూయగానే కాపు ఎడ్లకు మేత వేసెడివాడు. మలికోడి కూతకు ఇల్లాలు కళ్లాపి చల్ల లేచెడిది. నేడా కూతయే ఇరుగుపొరుగుల నడుమ తగవులు పెట్టుచున్నది. ఇండ్లు గోడకు గోడ ఆనుకొని యున్నవి. రాత్రియెల్ల పనిచేసి వేకువను కన్ను మూయువారు, రోగులు, పసిబిడ్డల తల్లులు గలరు. వారి మొరను పరిహసింపరాదు. అట్లని పుంజు నోరు కట్టుట ధర్మమా?

కూత యేల కలుగునో మొదట తెలియవలెను. వెలుతురు చూచియే పుంజు కూయునని పలువు రందురు. జపానులోని నగోయా విశ్వవిద్యాలయ పరిశోధకులు పుంజులను ఎడతెగని మసకవెలుతురులో నుంచి చూడగా, అప్పుడును అవి ఇంచుమించు దినమున కొకమారు వేళప్రకారము కూయుచుండెనని 2013లో ప్రకటించిరి. వేళ నెరుగు శక్తి దాని దేహముననే కలదు. గుంపులో పెద్దది ముందు కూయగా తక్కినవి తమ తమ అంతస్తు ననుసరించి కూయునని 2015లో తెలిపిరి. కావున కూత దుర్గుణము కాదు, జాతిస్వభావము.

దానిని అణచుటకు మూడు ఉపాయములు వాడుకలో నున్నవి. మొదటిది మెడపట్టీ. పుంజు లోపలి గాలిని ఒక్కుమ్మడిగా వెడలగొట్టి కూయును. మెడ ఉబ్బకుండ పట్టీ నిరోధించుటచే ధ్వని తగ్గును గాని పోదు. పట్టీ బిగిసెనా, ఊపిరాడక జుట్టు నీలమగును, మేత దిగదు, ప్రాణమే పోవచ్చును. రెండవది శస్త్రచికిత్స. పక్షికి స్వరయంత్రము మనవలె గొంతులో లేదు. శ్వాసనాళము రెండుగా చీలుచోట, రొమ్ములోపల నున్నది. అచట కత్తి పెట్టుట మిక్కిలి అపాయకరము. జీవులను అనవసరముగా బాధించుట నేరమని మన దేశమున 1960 నాటి చట్టము శాసించుచున్నది.

మూడవది చీకటి గూడు. మెడ నిగిడ్చి నిలువ వీలుకాని తక్కువ ఎత్తు గూటిలో, గాలి యాడు మార్గములుంచి, రాత్రిమాత్రము మూసి ప్రొద్దెక్కిన పిదప విడువవలెను. కూత పూర్తిగా మానదు. పొరుగింటి కది మందముగ వినబడును. వేసవిలో ఉక్క తగులకుండ చూచుకొనవలెను. పగలెల్ల అందులో నుంచరాదు. మూటిలో నిదియే మేలు.

అసలు పుంజు కావలెనా యని యజమాని తన్నుతాను ప్రశ్నించుకొనవలెను. గుడ్లకొరకే పెంచువానికి పుంజు అక్కరలేదు. అది లేకున్నను పెట్ట గుడ్డు పెట్టును. పిల్లలు కావలెనన్న పది పెట్టలకు ఒక్క పుంజు చాలును. గ్రద్ద దిగుచున్నప్పుడు ఒక విధముగ, పిల్లి వచ్చుచున్నప్పుడు వేరొక విధముగ అరచి గుంపును హెచ్చరించుట దానివలన గలుగు లాభము. పుంజులు పెక్కు అయినచో పోటీకూతలు పెరుగును. అధికమైనవానిని ఊరి వెలుపలి దొడ్డికి పంపుట మంచిది.

ఫ్రాన్సుదేశమున ఓలెరాన్ ద్వీపమందు మోరిస్ అను పుంజు కూతపై పొరుగువారు వ్యాజ్యమాడగా, 2019లో న్యాయస్థానము పుంజు పక్షమునే తీర్పిచ్చెను. పల్లెల ధ్వనులను, వాసనలను గ్రామసంపదగా గుర్తించు చట్టము అచట 2021లో వెలసెను. అయినను తీర్పుతో గెలిచినంత మాత్రమున పొరుగువానితో పొత్తు కుదురదు. మన పెద్దలు తగవు ఠాణాకు పోకమునుపే రచ్చబండకడ ఇరువురను కూర్చుండబెట్టి గూటి చోటును, పుంజుల లెక్కను, విడుచు వేళను నిర్ణయింపవలెను.

తన కోడి కూయనిదే తెల్లవారదనుకొన్న ముసలమ్మ గర్వము యజమానికి తగదు. పల్లెలో కోడికూతయే వినరాదనుట పొరుగువానికి తగదు. పుంజు కంఠమునకు మాత్రము ఎవరును ఉరి బిగింపకుందురు గాక.