కుళాయి మీది ‘సి’

పిల్లల దగ్గరికి ఇటలీ వెళ్లేవారికి పనికొచ్చే నాలుగు మాటలు చెప్పమన్నారు.

మనకు ఇంగ్లీషు వచ్చు కదా అన్న ధీమాతోనే అక్కడ చిక్కు. రోమ్‌లో మా అబ్బాయి ఇంట్లో కుళాయి మీద ‘సి’ అని ఉంటే చన్నీళ్లనుకుని మా ఆవిడ చెయ్యి పెట్టింది. పొగలు కక్కే నీళ్లు! ‘కాల్దో’ అంటే ఇటాలియన్‌లో వేడి. చల్లనిది ‘ఫ్రెద్దో’, దాని గుర్తు ‘ఎఫ్’. చెయ్యి బొబ్బలెక్కి వారం రోజులు వంట నా పాలబడింది. రుచి సంగతి మా అబ్బాయిని అడగండి.

అలాగే ‘కామెరా’ అంటే గది. ‘లాత్తె’ అని అడిగితే కాఫీ రాదు, ఉత్త పాలు తెస్తారు.

మర్యాదల్లో మాత్రం ఇంగ్లీషు కన్నా మన తెలుగే నయం. ‘తూ’ అంటే నువ్వు, ‘లేయి’ అంటే మీరు. ‘చావ్’ మన చెవికి అశుభంగా తోచినా, వెనిస్ వైపు ‘మీ దాసుణ్ణి’ అన్న మాట నుంచి పుట్టిన పలకరింపు. అయినా అది చనువున్నవారికే. కొత్తవారికి, పెద్దలకు ‘బువొన్ జోర్నో’ అనాలి.

మందుల షాపు ‘ఫార్మచీయా’, ఆకుపచ్చ శిలువ గుర్తు ఉంటుంది. ఆపదలో ‘ఆయూతో’ అని కేకెయ్యండి, ఫోనైతే 112. ఇవన్నీ తెలుగులో రాసి, ఇంటి చిరునామాతో కలిపి జేబులో పెట్టుకోండి.