కంచె నేర్పిన పాఠం



మీలో కొందరి తండ్రులో, అన్నలో సౌదీ అరేబియాలో పనిచేస్తూ ఉండవచ్చు. ఆ దేశపు ఎడారిలో జరిగిన ఒక సంగతి చెబుతాను. జీవావరణ శాస్త్రంలో ఎం.ఎస్సీ. చదవదలచినవారు దీనిని ముఖ్యంగా గుర్తుంచుకోవాలి.

అరేబియా ఒరిక్స్ జింకను పోలిన తెల్లని జంతువు. వేటగాళ్ల తుపాకులకు గురై, 1972 నాటికి స్వేచ్ఛగా తిరిగేది ఒక్కటీ మిగలలేదు. జంతుప్రదర్శనశాలల్లో బ్రతికిన వాటి సంతతిని తాయిఫ్‌లో 1986లో ఏర్పడిన పరిశోధన కేంద్రం పెంచింది. 1990లో మహజత్ అస్ సైద్ అనే చోట సుమారు 2,200 చదరపు కిలోమీటర్ల నేలకు కంచె వేసి, అందులో వదిలారు. వేట బెడద తప్పింది. మందలు పెరిగాయి.

తరవాత కరవు వచ్చింది. వాన పడిన చోటికి తరలిపోవడం ఒరిక్స్ స్వభావం. కంచె దారికి అడ్డమయింది. 1999 మొదలు కరవు ఏళ్లలో వందలకొద్దీ మరణించాయి.

కంచే చేను మేసిందన్న సామెత గుర్తుకు వస్తున్నదా? తప్పు కంచెది కాదు. వానకూ, గడ్డికీ, మందకూ గల లెక్క చూడాలి. 1995 నుండి కంచె లేని ఉరూక్ బనీ మఆరిద్‌లోనూ ఒరిక్స్‌లను వదిలారు. అక్కడ తిరగడానికి చోటుంది. వేటగాళ్ల భయమూ ఉంది.

ఈ సంగతులు ప్రయోగశాలలో తేలలేదు. పరిశోధకులు ఎండలో తిరిగి, కళేబరాలు లెక్కించి తెలుసుకున్నారు. పైచదువుల్లో క్షేత్రపరిశీలనకు ప్రాధాన్యం అందుకే.

మీ ఊరి చెరువుకు ఈ ఏడు ఏ పక్షులు వచ్చాయి? ఏవి రాలేదు? నోటుబుక్కు తీసుకుని రేపే బయలుదేరండి.