లెక్కలు వద్దన్నారు

(గమ్హరియాలో విద్యార్థులు, అధ్యాపకుల సమావేశంలో ఒక ఫ్యాబ్రికేషన్ కార్మికుడి ప్రసంగ పాఠం)



ఏం మాట్లాడాలని అడిగితే, "పదో తరగతి లెక్కలు ఎలా పాసయ్యావో చెప్పు చాలు" అన్నారు. ఇంత చదువుకున్నవాళ్ల ముందు 38 ఏళ్లకి పాసైన పదో తరగతి గురించి చెప్పడం నాకే కొంచెం నవ్వుగా ఉంది.

మా తాత శ్రీకాకుళం జిల్లా నుంచి రైలెక్కి టాటానగర్‌లో దిగాడు. ఇక్కడి తెలుగు పేటల్లో ఎవరిని కదిపినా దాదాపు ఇదే కథ. నేను ఏడు దాకా ఊళ్లో అమ్మమ్మ దగ్గర తెలుగులో చదివి, తర్వాత ఖర్కాయి నది దాటి ఈ గమ్హరియాకి వచ్చి హిందీ బడిలో పడ్డాను. ఎనిమిదిలో మానేశాను. పదహారేళ్లకి షెడ్‌లో హెల్పర్‌ని.

షెడ్‌లో నాకు లెక్క రాదని ఎవరూ అనలేదు. 10 మిల్లీమీటర్ల ఇనుప ప్లేటు చదరపు మీటరుకి 78.5 కిలోలు, తూకం వెయ్యకుండానే చెప్పేస్తాం. ఫ్రేము మూల సరిగా ఉందా అంటే ఒక పక్క మూడడుగులు, ఇంకో పక్క నాలుగడుగులు గుర్తు పెట్టి, మధ్యన ఐదు వచ్చిందా అని టేపు పట్టి చూస్తాం. అది పైథాగరస్ సిద్ధాంతమని నాకు ఇరవై ఏళ్ల తర్వాత తెలిసింది. కానీ ఐటీఐలో ఫిట్టర్ సీటు కావాలంటే సైన్సు, లెక్కలతో పదో తరగతి పాసైన కాగితం కావాలి. అది లేకపోతే చేతిలో ఎంత పనున్నా హెల్పర్ హెల్పరే.

అందుకే సార్వత్రిక విద్య, అదే ఎన్‌ఐఓఎస్‌లో చేరాను. 1989లో వచ్చిన సంస్థ. పద్నాలుగేళ్లు నిండితే చాలు, పై వయసుకి హద్దు లేదు. ఐదు సబ్జెక్టులు, ఐదేళ్ల గడువు, తొమ్మిది అవకాశాలు. పాసైన సబ్జెక్టు పాసైనట్టే ఉంటుంది. పని చేసుకునేవాళ్లకి ఇంతకంటే మంచి ఏర్పాటు నేను చూడలేదు. అయితే ఒక మెలిక ఉంది. అందులో లెక్కలు తప్పనిసరి కాదు. ఫారం నింపేచోట ఒకాయన నా వయసు చూశాడు, కులం గడి చూశాడు. "లెక్కలెందుకయ్యా, చిత్రలేఖనం పెట్టుకో, గృహవిజ్ఞానం పెట్టుకో, హాయిగా పాసవుతావు" అన్నాడు. చెడ్డవాడు కాదు, దయతోనే అన్నాడు. ఆ కాగితంతో ఫిట్టర్ సీటు రాదని మాత్రం చెప్పలేదు. బహుశా ఆయనకీ తెలియదు.

బాబాసాహెబ్ ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో ఉండగా మాస్టారు బోర్డు దగ్గరికి పిలిస్తే, సవర్ణ పిల్లలు పరుగెత్తి బోర్డు వెనక పెట్టుకున్న టిఫిన్ డబ్బాలు తీసేసుకున్న సంగతి మీకందరికీ తెలుసు. మనం ఎప్పుడూ డబ్బాల గురించే చెప్పుకుంటాం. ఆయన్ని పిలిచింది లెక్క చెయ్యడానికని నాకు ఆ ఫారం ముందు నిలబడ్డప్పుడు గుర్తొచ్చింది. లెక్కల గడిలో టిక్కు పెట్టాను.

తర్వాత చాలాసార్లు తిట్టుకున్నాను, అబద్ధమెందుకు. భిన్నాల దగ్గరే మూడు నెలలు పోయాయి. ఎక్స్ అంటే ఏమిటో ఎంతకీ బుర్రకెక్కలేదు. తొమ్మిది చదువుతున్న మా అమ్మాయి, "నాన్నా, ప్లేటు బరువు తెలియనప్పుడు చీటీలో ఖాళీ వదిలేస్తావు కదా, ఆ ఖాళీయే ఎక్స్" అంది. మూడు నెలల్లో పుస్తకం చెప్పలేనిది అది.

పుస్తకాలు హిందీవే. లంబం, కర్ణం మాత్రం రెండు భాషల్లోనూ ఒకటే. కర్ణం అని చదివినప్పుడల్లా అమ్మమ్మ చెప్పిన కరణం గుర్తొచ్చేవాడు. 1984లో ఆ పదవులు రద్దయ్యేదాకా ఊళ్లో భూమి కొలత, లెక్క ఆయన రాసిందే. మావాళ్లు వేలిముద్ర వేసేవాళ్లు, అంతే.

మొదటిసారి తప్పాను. రెండోసారి 41 వచ్చాయి. శాతాలు, నిష్పత్తులు నేర్చుకున్నాక చేసిన మొదటి పని నా జీతం చీటీ తిప్పి చూసుకోవడం. చట్టం ప్రకారం ఓవర్‌టైమ్‌కి రెట్టింపు ఇవ్వాలి. నాకు పడుతున్నది ఒకటింపావు. ఆ గొడవ ఇంకా తేలలేదు, ఇక్కడ పేర్లు చెప్పను.

ఐటీఐకి దరఖాస్తు పెడదామంటే ఇంకో గోడ. జార్ఖండ్ ఎస్సీ జాబితాలో మాల లేదు, మాదిగ లేదు. రాష్ట్రం దాటితే రిజర్వేషన్ వెంట రాదని 1990లో మర్రి చంద్రశేఖర్ రావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆయన ఆంధ్రలో ఎస్టీ, సీటు అడిగింది మహారాష్ట్రలో. మా తాత దిగిన రైలులో కులం కూడా దిగింది, హక్కు మాత్రం దిగలేదు. జనరల్‌లోనే దరఖాస్తు పెట్టాను.

మీలో పరిశోధన చేసేవాళ్లున్నారు. సార్వత్రిక పదో తరగతిలో లెక్కలు వదిలేసినవాళ్లెవరు, వాళ్లకి ఆ సలహా ఇచ్చిందెవరు, ఆ తర్వాత వాళ్లు ఎక్కడ ఆగిపోయారు? ఇది ఎవరైనా కులంవారీగా లెక్క తీస్తే బాగుంటుంది. నాకు చేతకాదు, మీకు చేతనవుతుంది.

ఆదివారం సాయంత్రం మా ఇంటి అరుగు మీద ఐదుగురం కూర్చుంటున్నాం. నా భార్య కూడా రాసే పరీక్ష అక్టోబరులో ఉంది. త్రికోణమితి దగ్గర అందరం ఆగిపోయాం. మీలో ఎవరికైనా వీలుంటే రండి. హిందీలో చెప్పినా పరవాలేదు.