స్నానాల గది గీజరు - నా అనుభవం
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

డి.ఎ. బకాయిల గురించి అయితే నేను గంట మాట్లాడగలను. కార్యదర్శిగారు పది నిముషాలే ఇచ్చారు కనుక గీజరు గురించి మాట్లాడతాను. నవ్వకండి. దానివల్లనే మా ఇంటావిడ చెయ్యి కాలింది.

చిన్నప్పుడు పెనుకొండలో మా పెరట్లో రాగి బాయిలరు ఉండేది. కింద శెనక్కాయ పొట్టు వేసి మంట పెట్టేవాళ్ళం. నీళ్ళు ఎంత మరిగినా ఆవిరి పైకి పోయేది, భయం లేదు. 2007లో రిటైరయ్యాక హిందూపురం ఇంట్లో 15 లీటర్ల గీజరు పెట్టించాను. అది మూసిన డబ్బా. నీరు వేడెక్కితే పెరుగుతుంది. ఆ ఒత్తిడి బయటికి పోవడానికి సేఫ్టీ వాల్వు అని ఒకటి ఉంటుంది. గీజరు వేసినప్పుడు దానినుంచి నాలుగు చుక్కలు కారడం సహజం.

నాకది తెలియదు. గోడ పాడవుతున్నదని ప్లంబరును పిలిచి, "కారకుండా చూడు నాయనా" అన్నాను. చూశాడు. వాల్వుకు బిరడా బిగించాడు. ఆ తర్వాత గీజరు మాటిమాటికీ ఆగిపోతున్నదని మరొకాయన వచ్చి, వేడి మితిమీరితే కరెంటు ఆపే కటౌటును తప్పించి వైరు డైరెక్టు చేశాడు. ఫిర్యాదు రాసిన గుమాస్తాను బదిలీ చేసి ఫైలు మూసేసినట్లయింది. ఒకరోజు థర్మోస్టాట్ పట్టేసింది. లోపల గుర్రుమని చప్పుడైతే ఆవిడ వెళ్ళి కొళాయి తిప్పింది. నీళ్ళకు బదులు ఆవిరి తన్నుకొచ్చింది. మూడు వారాలు కట్టు కట్టించాం. తప్పు వాళ్ళిద్దరిదే అని నేను అనలేను. చెప్పింది నేనే కదా.

తర్వాత ధర్మవరం నుంచి మా అల్లుడు ఒక పాత మెకానిక్కును తీసుకొచ్చాడు. ఆయన విప్పితే గుప్పెళ్ళకొద్దీ తెల్లటి పెచ్చులు రాలాయి. మన బోరు నీళ్ళు బకెట్టుకు కట్టే పొరే అది. నీళ్ళలోని సున్నం వేడికి విడిపోయి కాయిలు మీద గట్టిపడుతుంది. అప్పుడు వేడి నీళ్ళకు అందదు, కాయిలు తనే కాగి పగులుతుంది. డబ్బా తుప్పు పట్టకుండా లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుందట. ఇనుముకు బదులు అది అరిగిపోతుంది. మా దానిలో తీగ మాత్రమే మిగిలింది. అమెరికాలో మా మనవడు ఇల్లులాంటి మోటారు బండిలో తిరిగొచ్చాడు. ఆ బండి హీటరులోనూ ఇలాంటి కడ్డీ ఉంటుందనీ, ఏటా విప్పి చూస్తారనీ ఫోనులో చెప్పాడు. బండికి చేసేది ఇంటికి మనం చేయం!

ఇప్పుడు ఏటా దసరా తర్వాత మెకానిక్కును పిలుస్తున్నాను. ముందు మెయిను ఆపి, నీళ్ళు చల్లారాక వదిలేస్తాడు. కాయిలును నిమ్మ ఉప్పు నీళ్ళలో నానబెట్టి కడుగుతాడు. కడ్డీ సగానికి మించి అరిగితే మారుస్తాడు. డబ్బా నిండి కొళాయిలో నీళ్ళు ధారగా వచ్చేదాకా స్విచ్చి వేయనివ్వడు.

ఎర్తు గురించి తప్పక చెప్పాలి. కాయిలు పగిలితే కరెంటు నీళ్ళలోకి వస్తుంది. మన సీమలో వేసవికి ఎర్తు గుంట ఎండిపోతుంది, ఎండిన ఎర్తు ఉన్నా లేనట్లే. నెలకోసారి రెండు బిందెల నీళ్ళు పోయండి. 30 మిల్లీఆంపుల ఆర్.సి.సి.బి. పెట్టించండి. అయినా స్నానానికి ముందు స్విచ్చి ఆపే వెళ్ళండి.

థర్మోస్టాట్ 50 దగ్గర చాలు. 60 డిగ్రీల నీళ్ళు కొద్ది సెకన్లలోనే వయసు మళ్ళిన చర్మాన్ని కాలుస్తాయి. షుగరు ఉన్నవారికి పాదాలకు వేడి తెలియకపోవచ్చు. బకెట్టులో ముందు చన్నీళ్ళు, తర్వాతే వేడినీళ్ళు, చేత్తో కలిపి చూసి పోసుకోండి.

సభ ముగిశాక ఆ బిరడా చూడదలచినవారు నా దగ్గరకు రావచ్చు, సంచిలో తెచ్చాను. సెలవు.