రెండు భాషల చదువు

నేడు ఉపాధ్యాయ విద్యాపట్టములను స్వీకరించుచున్న స్నాతకులారా!

బాలురకు రెండు భాషలలో విద్య గఱపుట మేలా కీడా యను వివాదము మన సభలలో చిరకాలముగా నలుగుచున్నది. ఒక పక్షమువారు ఆంగ్లమును కామధేనువుగను, వేఱొక పక్షమువారు పూతనగను వర్ణింతురు. రెండవ భాష బడిలో అడుగిడినపుడు మొదటి భాషకు పట్టిన గతియే ఈ గుణదోషములను నిర్ణయించునని నా అభిప్రాయము.

ఇందులకు హైదరాబాదు చరిత్రయే చాలును. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము, శాస్త్రములను ఉర్దూలో బోధించుచు, ఆంగ్లమును నిర్బంధపాఠ్యముగ నిలిపి, దారుల్ తర్జుమా యను అనువాదసంస్థచే గ్రంథములను భాషాంతరీకరింపించి, పారిభాషికపదములను కల్పింపించి, భారతీయభాషలో ఉన్నతవిద్య సాధ్యమేయని లోకమునకు నిరూపించినది. ఆ కీర్తిని తగ్గింప నేనొల్లను. అయినను హైదరాబాదు రాజ్యప్రజలలో పెక్కుమంది యింటిభాషలు తెలుగు, మరాఠీ, కన్నడములు. వారి బిడ్డలకు లభించినదియు రెండు భాషల విద్యయే కాని, ఆ రెంటిలో నొకటియు తల్లి నేర్పినది కాదు. 1921లో హైదరాబాదు నగరమున జరిగిన సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున ప్రసంగింపబోగా సభికులు ఎగతాళి చేసిరి. ఆ పరాభవమునుండియే తెలుగువారి సంస్థయగు ఆంధ్రజనసంఘము పుట్టినది.

అయితే ఈ నిందను పరులపై మోపి మనము తప్పించుకొన వలను లేదు. మన కొండప్రాంతములలో సవరబాలునకు తెలుగే పరభాష. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండిన గిడుగు వేంకట రామమూర్తిగారు ఈ సంగతిని కనిపెట్టి, సవరభాషను స్వయముగా అభ్యసించి, ఆ పిల్లలకై వాచకములు రచించి, సొంత ధనము వెచ్చించి బడులు నడిపిరి. గ్రాంథికమునకు ప్రబలవైరియగు ఆ మహనీయుని నేను గ్రాంథికముననే కీర్తించుట చూచి మీరు నవ్వుకొనుచున్నారు కాబోలు. నవ్వుడు, ఆయనయు నవ్వియుండును.

రెండు భాషలు బాలుని బుద్ధిని మందగింపజేయునను భయము వెనుకటి విద్వాంసులకును ఉండెను. 1923లో వేల్సుదేశపు బాలురను పరీక్షించిన సేర్ అను పరిశోధకుడు అట్లే తలచెను. కాని 1962లో మాంట్రియల్ నగరమున పీల్, లాంబర్ట్ అను పరిశోధకులు, కుటుంబస్థితిగతులు సమానముగనున్న పదేండ్ల పిల్లలను పోల్చి చూడగా, ఫ్రెంచి ఇంగ్లీషులు రెండును సమముగ వచ్చినవారే బుద్ధిపరీక్షలలో మిన్నగ నిలిచిరి. అక్కడ ఇంటిభాషకును గౌరవమున్నదనునది మఱవరాదు.

ఇక మీ చేతికి రానున్న పుస్తకముల మాట. 2022 నుండి తెలంగాణ ప్రభుత్వపాఠశాలలలో ఒక పుటను తెలుగును, ఎదుటిపుటను ఇంగ్లీషును గల పాఠ్యపుస్తకములు వచ్చినవి. మంచి యేర్పాటే. అర్థము కాని వాక్యమునకు ప్రక్కనే అర్థమగు వాక్యముండుట చిన్న ఉపకారము కాదు. కాని పుటలు రెండున్నను గడియ ఒక్కటే. పరీక్ష ఇంగ్లీషున వ్రాయవలసియున్నచో, పాఠము ముగింపవలెనను తొందరలో ఉపాధ్యాయుడు ఇంగ్లీషుపుటనే చదివించి, జవాబులు కంఠస్థము చేయించి, తెలుగుపుటను మడిచి పెట్టును. అంతట బాలునికి ఇంగ్లీషు రాదు, శాస్త్రము రాదు, తెలుగున ఆలోచించు అలవాటును సడలును. ఈ పద్ధతి దోషములలో నేను మిక్కిలి భయపడునది దీనికే.

పొలము తాకట్టుపెట్టియైనను కుమారుని ఇంగ్లీషుబడికి పంపు తండ్రిని మీరు తప్పు పట్టకుడు. వైద్యకళాశాలలో ఏ భాషలో చదువవలసియుండునో ఆయన మనకంటె బాగుగ నెఱుగును. జూన్ నెలలో ఆయన మీ బడి గుమ్మము నొద్ద నిలిచి, తెలుగున నేర్పిన పాఠము తన బిడ్డకు రేపు ఆ కళాశాలలో ఎట్లు అక్కఱకు వచ్చునని యడుగును. అప్పుడు దేశభక్తిని గూర్చి యుపన్యసింపక, ఆ దినమున మీరు చెప్పిన లెక్కను ఆ బిడ్డచేత ముందు తెలుగున, పిమ్మట ఇంగ్లీషున చేయించి చూపుడు.