అమ్మేసిన బండి మీద వచ్చిన కేసు
(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగం)



ఏటా ఈ సభలో మేము ఎన్ని రేషన్ కిట్లు ఇచ్చాం, ఎంతమంది పిల్లలకు ఫీజులు కట్టాం, అంబులెన్సు ఎన్నిసార్లు గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్లింది అన్న లెక్క చెప్పుకుంటాం. ఆ లెక్కంతా ఈ సంచికలోనే అచ్చయింది, చదువుకోండి. ఈ రోజు మరొక సంగతి చెప్పాలి. ఇందులో మా తప్పు కూడా ఉంది. మీరిచ్చిన డబ్బుకు మేము కాపలాదారులం కనుక మీ దగ్గర దాచడం తగదు.

2024లో షాబాన్ నెల, జుమా రోజు. నమాజుకు వెళ్లే హడావిడిలో ఉండగా కోర్టు అమీనా ఆఫీసు గుమ్మం ముందు నిలబడి మన సంఘం పేరు చదివాడు. ఆఫీసు చూసుకునే పెద్దాయన, "మాకు కోర్టుతో పనేంటి బాబూ, అడ్రసు తప్పుంటుంది" అని కాగితం తీసుకోనన్నాడు. అప్పుడే వుజూ చేసుకుని వస్తున్న ఒక రిటైర్డ్ గుమాస్తాగారు ఆపి, "భాయ్, ముందు తీసుకో, తరవాత మాట్లాడుకుందాం" అని సంతకం పెట్టించారు. ఆయన ఆ పూట అక్కడ ఉండటం మన అదృష్టం. సమన్లు వద్దంటే అవి తలుపుకు అంటించి పోతారు, అందినట్టే లెక్క. కేసు ఆగదు, మనకు తెలియకుండా నడుస్తుందంతే.

కాగితం విప్పి చూశాం. మోటారు ప్రమాదాల పరిహార ట్రిబ్యునల్ నుంచి వచ్చింది. 2023 అక్టోబరులో ఒక సాయంత్రం తెల్ల ఓమ్నీ వ్యాను స్కూటీని గుద్దిందట. స్కూటీ మీదున్న తాపీ మేస్త్రీకి కాలు విరిగిందట. తొమ్మిది లక్షల రూపాయలు పరిహారం ఇప్పించమని ఆయన పిటిషను. ఒకటో ప్రతివాది డ్రైవరు, రెండో ప్రతివాది ఓనరు, మూడో ప్రతివాది ఇన్సూరెన్సు కంపెనీ. ఓనరు అన్నచోట మన సంఘం పేరు, రిజిస్ట్రేషను నంబరుతో సహా.

ఆ ఓమ్నీ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కొత్త అంబులెన్సు రాకముందు రోగుల్ని అందులోనే తీసుకెళ్లేవాళ్లం. 2021లో దాన్ని ఒక మెకానిక్కుకు అమ్మేశాం. డబ్బు తీసుకున్నాం, రసీదు ఇచ్చాం, ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టి తాళాలు చేతికిచ్చాం. తేదీలు మాత్రం వెయ్యలేదు. ఆయన "నేను మార్పించుకుంటాలే సాబ్" అన్నాడు. మేము సరే అన్నాం. అంతే, మళ్లీ ఎవరూ దాని ఊసెత్తలేదు.

ఆ రాత్రి ఇషా తరవాత కార్యవర్గం కూర్చుంది. ఒకరు, "బండి మనది కాదు, ప్రమాదమూ మనది కాదు, పోకపోతే ఏమవుతుంది?" అన్నారు. ఇంకొకరు, "ఆ మేస్త్రీని పిలిచి ఎంతో కొంత చేతిలో పెడదాం, సంఘం పేరు కోర్టులో నలగకూడదు" అన్నారు. కుర్రవాళ్లలో ఒకరు లేచి, "ఇది దొంగ కేసు. బండి నంబరు కావాలని ఇరికించారు, పోరాడాల్సిందే" అన్నారు. ఆ మాట గాలిలోంచి వచ్చింది కాదు. ఫిర్యాదు ప్రమాదం జరిగిన అయిదు రోజులకు ఇచ్చారు. అందులో బండి నంబరు లేదు, తెల్ల ఓమ్నీ అని మాత్రమే ఉంది. నంబరు తరవాత వచ్చింది. ఇన్సూరెన్సు ఉన్న బండిని తెచ్చి కేసులో పెట్టే మోసాలు దేశంలో ఉన్నాయి. ఉత్తరప్రదేశ్‌లో అలాంటి క్లెయిములను విచారించడానికి అలహాబాద్ హైకోర్టు ప్రత్యేక దర్యాప్తు బృందాన్నే వేయించింది.

మర్నాడు మన బస్తీ వకీలు సాహెబ్ దగ్గరికి వెళ్లాం. ఆయన మూడు మాటలనూ తోసేశారు. బండి ఎవరి చేతిలో ఉంది అన్నది కాదు, రికార్డులో ఎవరి పేరుంది అన్నదే చట్టం చూస్తుందట. మోటారు వాహనాల చట్టంలో ఓనరు అంటే ఎవరి పేర రిజిస్టరైందో వారే. 2018లో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతే తేల్చింది. అక్కడ కారు ఒకరి తరవాత ఒకరుగా చాలా చేతులు మారింది, అయినా రికార్డులో పేరున్న మొదటి మనిషే పరిహారం కట్టాలని తీర్పు. బండి అమ్మినవారు 14 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి, కొన్నవారు 30 రోజుల్లో. అమ్మినవాడికీ ఆ బాధ్యత ఉందని మాలో ఒక్కరికీ తెలియదు. ఇన్నేళ్లు సంస్థ నడిపామన్న గర్వం అక్కడ కాస్త దిగింది.

ఇంక వాయిదాకు పోకపోవడం గురించి. పోకపోతే ఎక్స్‌పార్టీ చేస్తారు, అవతలివారు చెప్పిందే మిగులుతుంది. అలా ఉత్తర్వు వచ్చేశాక మేల్కొన్నా దారి పూర్తిగా మూసుకుపోదు. సరైన కారణం చూపి ముప్పై రోజుల్లో దాన్ని రద్దు చేయమని అడగవచ్చు. కానీ ఆ కారణం కోర్టుకు నచ్చాలి. మా దగ్గర సమన్లు తీసుకున్నట్టు సంతకం ఉంది, ఏం కారణం చెబుతాం?

వకీలు సాహెబ్ వకాల్తా వేసి గడువు అడిగారు. ఈలోగా మాకు పనులు పురమాయించారు. మొదటిది, ఎఫ్ఐఆర్, ఛార్జిషీటు, బ్రేకు ఇన్‌స్పెక్టరు రిపోర్టు, గాయాల సర్టిఫికెట్టు నకళ్లు తేవడం. రెండోది, ప్రమాదం రోజున బండికి ఇన్సూరెన్సు ఉందా అని చూడటం. రవాణా శాఖ వెబ్‌సైటులో నంబరు కొడితే పాలసీ వివరం వచ్చింది. ఎవరో మన సంఘం పేరు మీదే పాలసీ కట్టుకుంటూ వచ్చారు, ఆ తేదీకి అది అమల్లో ఉంది. అది చూసిన రోజు మా కోశాధికారి రెండు రకాతుల షుక్రానా నమాజు చదివారు. మర్నాడే సమన్ల నకలు జతచేసి కంపెనీకి రిజిస్టర్డు పోస్టులో ఉత్తరం రాశాం. కంపెనీకి కోర్టు నోటీసు విడిగా వెళుతుంది కదా అని ఊరుకోకూడదు. ఓనరుగా మనం చెప్పడం పాలసీ షరతు.

మూడోది, బండి వెతకడం. మెకానిక్కు దాన్ని ఒక టెంట్ హౌస్ యజమానికి అమ్మాడని తేలింది. వెళ్లాం. ఆయన టీ ఇచ్చి, తల వంచుకుని, "తగిలిన మాట నిజమే సాబ్. మా బావమరిది నడిపాడు. భయపడి ఆగలేదు" అన్నాడు.

తిరుగు దారిలో మేము నలుగురం ఆటోలో మాట్లాడుకోలేదు. అంతవరకు దొంగ కేసు అనుకుంటూ ధైర్యంగా ఉన్నాం. ఇప్పుడు ఒక మేస్త్రీ నిజంగా కాలు విరిగి మంచంలో ఉన్నాడు. గుద్దింది మన పేరున్న బండి.

మామూలుగా కౌంటరులో అన్నీ కాదనే రాస్తారు. ప్రమాదం జరగలేదు, గాయాలు లేవు, వయసు అది కాదు, సంపాదన అది కాదు. టైపు చేసిన చిత్తుప్రతిలో మొదటి వాక్యం అలాగే ఉంది. కార్యవర్గంలో దీని మీదే ఎక్కువ సేపు వాదన జరిగింది. "అందరూ రాసేదే, అది కోర్టు భాష" అన్నారు కొందరు. దాని కింద సంతకం పెట్టాల్సింది మేము, అబద్ధమని తెలిసీ పెట్టలేమన్నాం. వకీలు సాహెబ్ నవ్వి, మాకు తెలిసింది తెలిసినట్టు రాశారు. 2021లో బండి అమ్మాం, రసీదు ఇదిగో. ప్రమాదాన్ని మేము చూడలేదు, ఎలా జరిగిందో పిటిషనుదారే రుజువు చేసుకోవాలి. ఆ తేదీకి పాలసీ అమల్లో ఉంది. కొన్న ఇద్దరినీ కేసులో చేర్చాలి. టెంట్ హౌస్ ఆయన చెప్పిన మాట ఆయనే వచ్చి చెప్పాలి కాబట్టి దాన్ని మేము రాయలేదు. ఆయన వచ్చాడు కూడా, అల్లాహ్ ఆయనకు మేలు చేయుగాక.

అసలు భయం లైసెన్సు దగ్గర మొదలైంది. బావమరిది బెంగళూరు పనికి వెళ్లిపోయాడు. మాకు దొరికిన కాగితాల్లో లైసెన్సు నకలు లేదు. లైసెన్సు లేనివాడు బండి నడిపితే, 2004 నాటి స్వరణ్ సింగ్ కేసు తీర్పు ప్రకారం, కంపెనీ చేత ముందు బాధితుడికి కట్టించి, ఆ డబ్బు ఓనరు దగ్గర రాబట్టుకోమని కోర్టు చెప్పవచ్చు. ఓనరు అంటే మనమే. తొమ్మిది లక్షలంటే మన పిల్లల ఫీజులు, వితంతువుల నెలసరి సాయం, అన్నీ. నాలుగు నెలలు ఆ బరువుతో గడిపాం. చివరికి ఆ అబ్బాయి బక్రీదుకు ఊరొచ్చి లైసెన్సు తెచ్చి చూపించాడు. గడువు ఉంది. అల్‌హమ్దులిల్లాహ్.

2024 డిసెంబరు లోక్ అదాలత్‌లో కంపెనీ, మేస్త్రీ రాజీకి వచ్చారు. నాలుగు లక్షల పది వేలు కంపెనీ కట్టింది. లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు ఉండదు, కాబట్టి కేసు అక్కడితో ముగిసింది. కేసు నడిచినంత కాలం మేము ఆ మేస్త్రీ ఇంటికి వెళ్లలేదు. వెళ్లాలని చాలాసార్లు అనిపించింది. కేసు మధ్యలో సాయం చేస్తే నేరం ఒప్పుకున్నట్టో, నోరు మూయించినట్టో అవుతుందని వకీలు సాహెబ్ ఆపారు. ముగిసిన వారమే వెళ్లాం. ఆయన భార్య ముందు తలుపు సగమే తీసింది. ఇప్పుడు వాళ్ల అమ్మాయి ఇంటర్ ఫీజు మన జాబితాలో ఉంది, కార్యవర్గం ఆమోదంతోనే.

ఖర్చు మాట. వకీలు సాహెబ్ ఫీజు తీసుకోలేదు. టైపు, నకళ్లు, పోస్టు, ప్రయాణాలు కలిపి 6,400 రూపాయలయ్యాయి. జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాల్లో అప్పులపాలైనవారూ ఉన్నారు గనక అందులోంచి తీయవచ్చునని ఒక సభ్యుడన్నాడు. మా అజాగ్రత్త వల్ల వచ్చిన ఖర్చు పేదల వాటాలోంచి ఎలా తీస్తాం? జకాత్, ఫిత్రా ఖాతాలను ముట్టుకోలేదు. కార్యవర్గ సభ్యులం తలా కొంత వేసుకున్నాం. ఆడిట్ పుస్తకాలు ఆఫీసులో ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూడవచ్చు.

మీ ఇంటికి ఇలాంటి కాగితం వస్తే మా ఆఫీసుకు తీసుకురండి. కేసు నంబరు ఈ-కోర్ట్స్ సైటులో కొట్టి అది నిజమైనదో కాదో చూసిపెడతాం. ఆడవాళ్లకు, వికలాంగులకు, ఆదాయం తక్కువున్నవారికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును పెడుతుంది. దరఖాస్తు రాయడంలో సాయపడతాం.

ఇంకొక్క మాట, ఇది సూటిగా దాతలకు. ఓమ్నీని టెంట్ హౌస్ ఆయన పేరుకు మార్పించాక మా బండ్ల కాగితాలన్నీ తీసి చూశాం. మీరు సంఘానికి ఇచ్చిన రెండు స్కూటర్లు ఇంకా మీ పేర్ల మీదే తిరుగుతున్నాయి. మా కుర్రాళ్లు రేపు దేన్నైనా గుద్దితే సమన్లు మీ గుమ్మానికే వస్తాయి. ఆ దాతలిద్దరూ ఈ సభలోనే ఉన్నారు. ఫ్రీజర్ బాక్సు వ్యాను ఇచ్చిన పెద్దాయన కిందటి రంజానులో కాలం చేశారు, అల్లాహ్ ఆయన్ను మన్నించుగాక. దాన్ని ముందు ఫారం 31 మీద వారసుల పేరుకు, ఆ తరవాత సంఘం పేరుకు మార్చాలి. ఆయన కొడుకులు ముందు వరసలో కూర్చున్నారు. ఫారాలన్నీ గుమ్మం పక్క బల్ల మీద పెట్టాం. భోజనానికి వెళ్లేముందు సంతకాలు చేసి వెళ్లండి, ఈసారి తేదీలు మేమే దగ్గరుండి వేయిస్తాం.