మన ఊరి విద్యార్థికి పెద్ద చదువులో సీటు వచ్చునా?
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతులలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రామములో ఒక బాలుడో బాలికయో పదవ తరగతిలో మంచి మార్కులు తెచ్చుకొన్నంతనే తల్లిదండ్రులు మీ వద్దకు వచ్చి, "మా పిల్లవానికి ఐ.ఐ.టి.లో సీటు వచ్చునా? ఉన్న రెండెకరములు తాకట్టు పెట్టి పట్టణములో చేర్పింపవచ్చునా?" అని అడుగుట మీ కందరికిని అనుభవమే. "తప్పక వచ్చును" అనుట తేలిక. "మనవంటి వారికి రాదు" అనుటయు తేలికయే. మొదటి మాట నమ్మి అప్పుల పాలైన కుటుంబములు కలవు. రెండవ మాట విని దరఖాస్తైనను పెట్టక ఆగిపోయిన తెలివిగల పిల్లలును కలరు. లెక్క చూచి చెప్పుట మూడవ మార్గము. ఆ లెక్కను గూర్చియే నేడు మనము ముచ్చటింతము.

మొదట దేశము మొత్తమును చూతము. తొలి ఐ.ఐ.టి. 1951లో ఖరగ్‌పూరులో వెలసినది. నేడు దేశమున 23 కలవు. మన ప్రాంతములో 2008లో హైదరాబాదు ఐ.ఐ.టి., 2015లో తిరుపతి ఐ.ఐ.టి. ప్రారంభమైనవి. 2024వ సంవత్సరమున జె.ఇ.ఇ. మెయిన్ పరీక్ష వ్రాసినవారు సుమారు 14 లక్షల మంది. వారిలో ముందు వరుసనున్న రెండున్నర లక్షల మందికి మాత్రమే అడ్వాన్స్‌డ్ పరీక్షకు అర్హత లభించును. ఆ ఏడు దానిని వ్రాసినవారు 1,80,200 మంది, ఉత్తీర్ణులు 48,248 మంది, ఐ.ఐ.టి. సీట్లు 17,740. అనగా మొదటి పరీక్ష వ్రాసిన ఎనుబది మందిలో ఒక్కరికి సీటు లభించినది. కఠినమైన రెండవ పరీక్షలో ఉత్తీర్ణులైన వారిలోనే మువ్వురిలో దాదాపు ఇద్దరికి సీటు లేదు.

ఈ అంకెలు చూచి నిరాశ చెందవలదు. జిల్లా సగటు వర్షపాతమును బట్టి మన చేనిలో పదును ఎంత యున్నదో చెప్పజాలము గదా! పిల్లవాని అవకాశము తెలియవలెనన్న వాని సొంత లెక్కనే చూడవలెను. అందుకు మూడు కొలతలు కలవు.

మొదటి కొలత విద్యార్థి నిజమైన స్థానము. పాఠశాలలో వచ్చిన మార్కులు గాని, శిక్షణ సంస్థల గోడప్రకటనలు గాని దీనిని తెలుపవు. గత సంవత్సరముల ప్రశ్నపత్రములు పరీక్షాధికారుల వెబ్‌సైటులోనే ఉచితముగా లభించును. మెయిన్ పరీక్షకు మూడు గంటలు, అడ్వాన్స్‌డ్ పరీక్షకు మూడేసి గంటల రెండు పత్రములు. గడియారము ఎదుట నుంచుకొని, పుస్తకము చూడక, ఐదారు పత్రములు వ్రాయింపుడు. ఒక్కనాటి మార్కులను గాక అన్నిటి సగటును పరిగణింపుడు.

ఇచ్చట పర్సెంటైలు అను మాటను గూర్చి జాగ్రత్త వహింపవలెను. 95 పర్సెంటైలు అనగా నూటికి 95 మార్కులు కావు. వ్రాసినవారిలో నూటికి ఐదుగురు వాని కంటె ముందున్నారని అర్థము. పదునాలుగు లక్షలలో నూటికి ఐదుగురనగా డెబ్బది వేల మంది! 99 పర్సెంటైలు వచ్చినను ముందు పదునాలుగు వేల మంది యుందురు. ఈ గుణకారము చేయక ఊరిలో మిఠాయిలు పంచి, కౌన్సెలింగు నాడు కన్నీరు పెట్టుకొనుట తగదు.

రెండవ కొలత గత సంవత్సరపు ముగింపు ర్యాంకు. ఏ సంస్థలో, ఏ శాఖలో, ఏ వర్గమునకు ఎంత ర్యాంకు వరకు సీటు లభించినదో 2015 నుండి జోసా అను ఉమ్మడి ప్రవేశ సంస్థ ప్రకటించుచున్నది. షెడ్యూల్డు కులములకు నూటికి 15, షెడ్యూల్డు తెగలకు 7.5, వెనుకబడిన తరగతులకు 27, ఇతరులలోని ఆర్థిక బలహీన వర్గములకు 10 చొప్పున సీట్లు కలవు. ఈ వర్గముల పట్టికలలో నుండునది ఆ వర్గపు ర్యాంకే గాని అఖిల భారత సాధారణ ర్యాంకు గాదు. ఒకదానితో ఒకటి పోల్చినచో లెక్క తలక్రిందులగును. ఐ.ఐ.టి.లలో బాలికలకు 2018 నుండి అదనపు సీట్లు కల్పింపబడినవి. వారి పట్టిక వేరుగా నుండును. ఆడపిల్లకు అంత దూరపు చదువెందుకను తండ్రికి ఆ పట్టిక చూపుడు.

వరంగల్లు, తాడేపల్లిగూడెము వంటి చోట్ల నున్న ఎన్.ఐ.టి.లలో సగము సీట్లు సొంత రాష్ట్రము వారికే. అయితే సొంత రాష్ట్రమనగా పుట్టిన ఊరు గాదు, ఇంటర్మీడియట్ ఉత్తీర్ణులైన రాష్ట్రము. పిల్లవానిని పొరుగు రాష్ట్రములోని కళాశాలలో చేర్పించునపుడే ఈ సంగతి తల్లిదండ్రులకు తెలియవలెను.

మూడవ కొలత కాగితములు, రొక్కము. కేంద్ర సంస్థలకు కేంద్ర ప్రభుత్వపు వెనుకబడిన తరగతుల జాబితాయే ప్రమాణము. రాష్ట్ర జాబితాలో నున్న ప్రతి కులమును అందు ఉండదు. వెనుకబడిన తరగతుల, ఆర్థిక బలహీన వర్గముల ధ్రువపత్రములు ఆ యేటి ఏప్రిల్ 1వ తేదీ నాడు గాని తరువాత గాని పొందినవై యుండవలెను. 2024లో ఉత్తరప్రదేశ్‌లో ఒక దినకూలీ కుమారునికి ధన్‌బాద్ ఐ.ఐ.టి.లో సీటు లభించినది. కట్టవలసినది 17,500 రూపాయలు. గడువు వేళకు ఆ సొమ్ము చేరలేదు, సీటు పోయినది. చివరకు సెప్టెంబరు 30న సుప్రీంకోర్టు ఆదేశముతో అతనికి చదువు దక్కినది. అందరును సుప్రీంకోర్టు వరకు పోగలరా? ఐ.ఐ.టి.లలో షెడ్యూల్డు కులములకు, తెగలకు, ఏటికి లక్ష రూపాయలకు లోబడిన ఆదాయము గల కుటుంబములకు బోధనా రుసుము పూర్తిగా మినహాయింపు. లక్ష మొదలు ఐదు లక్షల వరకు మూడింట రెండు వంతులు మినహాయింపు. కాని సీటు నిలుపుకొనుటకు మొదట కట్టవలసిన సొమ్ము గడువు లోపల చేతిలో నుండవలెను.

ఈ మూడు కొలతలును చూచిన పిమ్మట సంస్థలను మూడు వరుసలుగ వ్రాయింపుడు. విద్యార్థి ర్యాంకు కంటె ముందే సీట్లు ముగిసినవి మొదటి వరుస. అవి ఆశ పడదగినవి. ముగింపు ర్యాంకు వాని ర్యాంకునకు దగ్గరగా నున్నవి రెండవ వరుస. ఎంతయో తరువాత ముగిసినవి మూడవ వరుస. అవి చాలవరకు నమ్మదగినవి. ముగింపు ర్యాంకులు ఏటేట మారును గనుక ఒక్క యేడు గాక మూడేండ్లవి చూచుట మేలు. మూడవ వరుసలో రెండు మూడు పేర్లైనను లేని పట్టిక అసంపూర్ణము. రాష్ట్ర ప్రవేశ పరీక్షయగు ఎప్‌సెట్ ద్వారా దొరకు కళాశాలలు ఈ వరుసను నింపగలవు.

సభ్యులారా! మీరు గణిత పండితులు కానక్కరలేదు. మీ పంచాయతీలో పండ్రెండవ తరగతికి వచ్చిన పిల్లల జాబితా వ్రాయుడు. దరఖాస్తు గడువులను పంచాయతీ కార్యాలయపు గోడపై అంటింపుడు. ఏప్రిల్ మాసములోనే ధ్రువపత్రములకు దరఖాస్తులు పెట్టింపుడు. కౌన్సెలింగు నాటికి ఏ యింట రొక్కమునకు ఇబ్బంది యున్నదో ముందుగా విచారింపుడు. భూమి తాకట్టు పెట్టబోవు తండ్రిని కూర్చుండబెట్టి పిల్లవాని సగటును, మూడేండ్ల ముగింపు ర్యాంకులను ప్రక్క ప్రక్కన చూపుడు. నిర్ణయము ఆ కుటుంబముదే. ఆ నిర్ణయము లెక్క తెలిసి చేసినదగునట్లు చూచుట మాత్రము మన బాధ్యత.